962 రోజులు ఆగని రియాక్టర్!

మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో రోజూ వినిపించే మాట ‘అప్‌టైమ్’. సిస్టమ్ ఎంతకాలం ఆగకుండా నడిచిందన్న లెక్క అది. అందుకే ఓ అణు రియాక్టర్ వరుసగా 962 రోజులు కరెంటిచ్చిందని చదివితే నమ్మబుద్ధి కాలేదు.

అది మన పక్కనే, కర్ణాటకలోని కైగాలో ఉంది. అక్కడి మొదటి యూనిట్ 2016 మే 13న మొదలై 2018 డిసెంబరు 31 దాకా నడుస్తూనే ఉంది. మెయింటెనెన్స్ కోసం వాళ్లే ఆపారు. అప్పటికి అదే ప్రపంచ రికార్డు. తర్వాత కెనడాలోని డార్లింగ్టన్ రియాక్టర్ దాన్ని దాటేసింది.

మరి మధ్యలో ఇంధనం అయిపోదా?

చాలా రకాల రియాక్టర్లను ఇంధనం మార్చాలంటే ఆపాల్సిందే. కైగాలోవి భారజల రియాక్టర్లు. లోపల అడ్డంగా 306 గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టానికి రెండు చివర్లా యంత్రాలు బిగుసుకుంటాయి. ఇటు నుంచి కొత్త యురేనియం కట్టల్ని తోస్తుంటే, అటు నుంచి వాడేసినవి బయటికొస్తాయి. రియాక్టర్ నడుస్తూనే ఉంటుంది. ఇంకో విషయం, ఆ కట్టలు తయారయ్యేది మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనే!

దేశం వాడే కరెంటులో అణు విద్యుత్ వాటా దాదాపు 3 శాతమే. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ సాయంత్రం ఇంటికొచ్చి ఏసీ వేసి, ఫోన్ చార్జింగ్ పెట్టే టైముకి సోలార్ ఉండదు. కైగాలోని నాలుగు యూనిట్లు, ఒక్కోటి 220 మెగావాట్లు, పగలైనా రాత్రైనా ఒకేలా ఇస్తాయి. అదీ బొగ్గు కాల్చకుండా. 2047కి దేశంలో అణు విద్యుత్ సామర్థ్యాన్ని లక్ష మెగావాట్లకు చేర్చాలని కేంద్రం 2025 బడ్జెట్‌లో లక్ష్యం పెట్టుకుంది.

అయితే ఇదే కైగాకి ఇంకో చరిత్ర ఉంది. 1994లో, కడుతుండగానే, మొదటి యూనిట్ లోపలి కాంక్రీటు గుమ్మటం కొంతభాగం ఊడి పడింది. అప్పటికింకా ఇంధనం పెట్టలేదు కాబట్టి రేడియేషన్ ముప్పు రాలేదు. డిజైన్ మార్చి మళ్లీ కట్టారు. రికార్డు కొట్టింది ఆ యూనిటే!

మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలోనూ అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. భూములు, ఊళ్లు వదలాల్సిన వాళ్లకు 962 చూపించి ఊరుకుంటే సరిపోదు. 1994లో ఏం జరిగిందో, ఎలా సరిచేశారో, వేల ఏళ్లు ప్రమాదకరంగా ఉండే వ్యర్థాల్ని ఎక్కడ దాస్తారో కూడా చెప్పాలి. మా ఆఫీసులో సర్వర్ పడిపోతేనే కారణం రాసి అందరికీ పంపుతాం. రియాక్టర్ విషయంలో అంతకన్నా తక్కువ అడగడం ఎలా?