సన్న ఉన్ని గొర్రె మెరినో

మెరినో గొర్రె ఉన్నిపోగు మందం చాలావరకు 17 నుంచి 23 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మనిషి తలవెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు, తెలంగాణలో గొంగళ్లు నేసే దక్కనీ గొర్రె ఉన్ని దాదాపు 50 మైక్రాన్లు. ఒంటికి ఆనించి తొడుక్కున్నా గుచ్చుకోని ఉన్నిబట్ట కావాలంటే పోగు మెరినోదంత సన్నగా ఉండాల్సిందే. అందుకే ప్రపంచంలో సన్న ఉన్ని గొర్రె అనగానే ముందుగా వినిపించేది మెరినో పేరు.

ఆంధ్రప్రదేశ్‌లో తిరువూరు, గంపలగూడెం వైపు మందల్లో తిరిగే నెల్లూరు రకం గొర్రెల్ని చూసిన కంటికి మెరినో వేరే జంతువనిపిస్తుంది. నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెల్లో పొడగరి. పల్ల, జోడిపి, దొర అనే దాని రకాల్లో ఏదైనా ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే, ఉన్ని కాదు. మెరినోకు మెడ నుంచి కాళ్ల దాకా దట్టమైన తెల్లని ఉన్ని పొర కప్పి ఉంటుంది. నుదుటి మీది ఉన్ని బాగా పెరిగితే కొన్నిటికి కళ్లు కూడా మూసుకుపోతాయి, అప్పుడు మొహం దగ్గర కత్తిరించి దారి చూపించాలి. పొట్టేళ్లకు మెలికలు తిరిగిన పెద్ద కొమ్ములుంటాయి, ఆడగొర్రెలకు సాధారణంగా ఉండవు. కొమ్ముల్లేని పొట్టేళ్ల రకాన్ని కూడా ఆస్ట్రేలియాలో పెంచుతున్నారు.

ఈ సన్నదనం పుట్టేది చర్మంలో. గొర్రె చర్మంలో వెంట్రుక కుదుళ్లు రెండు రకాలు. మొదటి రకం పిండదశలో ముందుగా ఏర్పడతాయి, రెండో రకం వాటి చుట్టూ తర్వాత పుడతాయి. లావు వెంట్రుకల గొర్రెల్లో మొదటి రకం కుదురు ఒక్కోదానికి రెండో రకంవి నాలుగైదు మాత్రమే ఉంటే, మెరినోలో ఇరవై, అంతకు మించి కూడా ఉంటాయి. చర్మం మీద చదరపు మిల్లీమీటరుకు యాభైకి పైగా కుదుళ్లు కిక్కిరిసి ఉండడంతో ఒక్కో పోగు లావు కాలేక సన్నగానే పెరుగుతుంది. దక్కనీ ఉన్నిలో చాలా పోగులకు నడుమ బోలు ఉంటుంది, మెరినో పోగుకు ఉండదు. అందువల్ల రంగు దానికి సమంగా పడుతుంది. పోగు పొడవునా చిన్న చిన్న అలలు ఉంటాయి. ఆ అలల మధ్య గాలి నిలిచి బట్టకు వెచ్చదనం వస్తుంది. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. పోగులతో పాటు జిడ్డు కూడా బాగా ఊరుతుంది. లానోలిన్ అనే మైనం దాని నుంచే తీసి లేపనాల్లో వాడతారు.

ఈ ఉన్ని దానంతట అది రాలదు. ఏటా కత్తిరించకపోతే పెరుగుతూనే ఉంటుంది. 2015లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా దగ్గర మంద నుంచి తప్పిపోయిన ఒక మెరినో దొరికితే, దాని ఒంటి నుంచి 40 కిలోలకు పైగా ఉన్ని తీశారు. అంత బరువు మోస్తూ అది నడవలేని స్థితికి వచ్చింది. మనిషి ఏర్చి కూర్చి తయారుచేసుకున్న జాతి కనుక దాని సంరక్షణ కూడా మనిషి బాధ్యతే.

చర్మం ముడతలు ఎక్కువుంటే ఉన్ని ఎక్కువ వస్తుందని ఒకప్పుడు ముడతల గొర్రెల్నే ఏరి పెంచారు. ఆ ముడతల్లో తడి నిలిచి, ఈగలు గుడ్లు పెట్టి, పురుగులు చర్మాన్ని తొలిచేస్తాయి. తోక చుట్టూ చర్మం కోసేసే పద్ధతి ఆస్ట్రేలియాలో అందుకే వచ్చింది. అది గొర్రెకు చాలా నొప్పి కలిగిస్తుంది. ముడతల్లేని మెరినోల్ని ఎంచి పెంచడమే దీనికి న్యాయమైన దారి, ఇప్పుడు చాలామంది అటే మొగ్గుతున్నారు.

మెరినోను తీర్చిదిద్దింది స్పెయిన్. చాలాకాలం ఆ గొర్రెల్ని దేశం దాటనివ్వలేదు. 1765లో సాక్సనీకి, 1786లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ కోసం రాంబూయే క్షేత్రానికి చేరాయి, ఆ రెండోచోటే రాంబూయే జాతి రూపుదిద్దుకుంది. 1797లో దక్షిణాఫ్రికా మీదుగా ఆస్ట్రేలియాకు వెళ్లాయి.

మన దేశంలో మెరినో రక్తం కలిసిన గొర్రెలు దక్షిణాదిలో కొండల మీదే నిలదొక్కుకున్నాయి. నీలగిరి జాతి 19వ శతాబ్దంలో కోయంబత్తూరు గొర్రెలతో టాస్మేనియా మెరినో, చీవియట్, సౌత్‌డౌన్ జాతులు కలిసి ఏర్పడింది. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ చోక్లా, నాలి వంటి దేశీ గొర్రెలతో మెరినో, రాంబూయే పొట్టేళ్లను కలిపి భారత్ మెరినోను రూపొందించింది. ఆ గొర్రెలు కొడైకెనాల్ దగ్గరి మన్నవనూరులో, ఆ సంస్థ దక్షిణ కేంద్రంలో ఉన్నాయి.

మెరినో పొడి ఎండను బాగానే ఓర్చుకుంటుంది, ఉన్ని పొర ఎండవేడిని చర్మం దాకా రానివ్వదు. దానికి గిట్టనిది ఉక్కతో కూడిన తడి. వానలు పట్టాక మన మైదానాల నల్లరేగడి బురదలో గిట్టల మధ్య కుళ్లు, ఉన్నిలో కుళ్లు రెండూ వస్తాయి. పైగా ఇక్కడి కాపరికి డబ్బు తెచ్చేది మాంసం. గొర్రెపిల్ల త్వరగా ఎదిగి బరువు తూగాలి, ఆ పనికి పొట్టివెంట్రుకల నెల్లూరు గొర్రే సరిపోతుంది. ఉన్ని ధర పడిపోయాక తెలంగాణలో దక్కనీ మందల్లోకి కూడా నెల్లూరు పొట్టేళ్లను దించారు. దాంతో నల్ల ఉన్ని తగ్గిపోయి, కురుమల గొంగడి నేతకు ముడిసరుకు కరువైంది. సన్నం కాకపోయినా ఆ ముతక ఉన్నికి దాని విలువ దానికుంది. వానలోనూ చలిలోనూ కాపరిని కాచేది ఆ గొంగడే.