కువైట్ నుంచి కడపకి ఫొటో ఎలా వస్తుంది?

కువైట్‌కి పనికి వెళ్లిన తల్లి ఫోనులో ఫొటో పంపుతుంది. కాసేపట్లో అది కడపలో కూతురి ఫోనుకి వస్తుంది. మధ్యలో ఎంతో దూరం, సముద్రం. ఆ ఫొటోకి దారి ఎవరు చెప్పారు?

ముందు ఉత్తరం సంగతి చూద్దాం. ఉత్తరం మీద పిన్ కోడ్ రాస్తాం గదా. ఈ పద్ధతి మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. కడప హెడ్ పోస్టాఫీసు పిన్ కోడ్ 516001. ఇందులో 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక వైపు. 516 అంటే కడప. చివరి మూడు అంకెలు ఏ పోస్టాఫీసో చెప్తాయి. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే మనిషికి కడప వీధులు తెలియనక్కర లేదు. ముందు అంకెలు చూసి ఇటు వచ్చే సంచిలో వేస్తే చాలు. మిగతాది ఇక్కడివాళ్లు చూసుకుంటారు.

ఇంటర్నెట్‌లో కూడా ఇదే ఉపాయం. అందులో కలిసిన ఫోనుకైనా, కంప్యూటరుకైనా ఒక అడ్రసు కావాలి. దాన్ని ఐపీ అడ్రసు అంటారు. మన ఫోను నంబరు వేరు, ఇది వేరు. పాత పద్ధతి అడ్రసులో నాలుగు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. ముందు భాగం ఏ కంపెనీదో చెప్తుంది. వెనక భాగం అందులో ఏ యంత్రమో చెప్తుంది.

ఇంత తిప్పలు ఎందుకు? ఒకటి, రెండు, మూడు అని వరసగా నంబర్లు వేస్తే పోదా? వెయ్యొచ్చు. కాని అప్పుడు దారి చూపే ప్రతి యంత్రమూ కోట్ల నంబర్లు గుర్తుపెట్టుకోవాలి. ఒక్క ఫోను చోటు మారినా అన్నిటికీ కబురు చెయ్యాలి. అది అయ్యే పని కాదు.

ఈ పాత అడ్రసులు మొత్తం 429 కోట్లు. చాలా ఎక్కువ అనిపిస్తుంది గాని, చాల్లేదు. పంచడానికి ఉంచిన ఆఖరి కట్టలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. అందుకే ఇంకా పొడుగు అడ్రసులు వాడుకలోకి తెచ్చారు. ఇంకో ఉపాయం కూడా ఉంది. ఇల్లు దొరకనివాళ్లు ఉత్తరం మీద 'కేరాఫ్ కిరాణా కొట్టు' అని రాయిస్తారు. కొట్టాయన ఎవరిది వాళ్లకిస్తాడు. అలాగే ఒక ఇంట్లో ఫోన్లన్నీ వైఫై డబ్బా అడ్రసు ఒక్కటే వాడుకుంటాయి.

ఇక దారి. ఫొటో ఒక్కటిగా పోదు. చిన్న చిన్న ముక్కలుగా పోతుంది. ప్రతి ముక్క మీదా పంపిన అడ్రసు, చేరాల్సిన అడ్రసు ఉంటాయి. దారి చూపే యంత్రాన్ని రౌటరు అంటారు. దానికి మొత్తం దారి తెలియదు. పక్క రౌటర్లలో ఎవరికి ఇవ్వాలో అంతే తెలుసు. దారి తప్పి ముక్క తిరుగుతూనే ఉంటే? దానికీ లెక్కుంది. ముక్క మీద ఒక సంఖ్య వేస్తారు. ప్రతి రౌటరూ ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే ఆ ముక్కని పారేస్తారు.

2008 జనవరి 30న ఈజిప్టులో అలెక్సాండ్రియా దగ్గర సముద్రంలో కేబుళ్లు తెగిపోయాయి. మన దేశంలోనూ, గల్ఫ్‌లోనూ ఇంటర్నెట్ బాగా నెమ్మదించింది. అయినా పూర్తిగా ఆగలేదు. రౌటర్లు ఒకదానికొకటి కబురు చెప్పుకుని వేరే దారి పట్టాయి.

ఈ కబుర్లలోనే చిక్కు కూడా ఉంది. పక్క యంత్రం చెప్పిందల్లా నమ్మడం రౌటర్ల అలవాటు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లో యూట్యూబ్ ఆపమని ప్రభుత్వం చెప్పింది. ఫిబ్రవరి 24న అక్కడి టెలికం కంపెనీ 'యూట్యూబ్ అడ్రసుకి దారి మా దగ్గరే' అని తన రౌటర్లకి చెప్పింది. ఆ మాట దేశం దాటిపోయింది. ఊరి పేరు చెప్పినవాడి కంటే వీధి పేరు చెప్పినవాడి మాటకే రౌటర్లు విలువిస్తాయి. పాకిస్తాన్ కంపెనీ చెప్పింది వీధి లాంటి చిన్న అడ్రసు. అంతే, చాలా దేశాల్లో దాదాపు రెండు గంటలు యూట్యూబ్ రాలేదు.

ఇప్పుడు అడ్రసు సొంతదారులు 'ఈ అడ్రసు మాదే' అని కంప్యూటరు ముద్ర వేసిపెట్టే పద్ధతి వచ్చింది. రౌటరు ముద్ర చూసుకుని, దొంగ కబురైతే వదిలేస్తుంది. అయితే అన్ని కంపెనీలూ ఇంకా ఆ ముద్ర చూడటం లేదు.