రెప్ప పడాలి, రెప్ప లేవాలి

చిత్తూరు నుంచి కాట్పాడి వైపు వెళ్తే, తమిళనాడు సరిహద్దు దాటాక కరిగిరి వస్తుంది. 1955 నుంచి అక్కడ కుష్టు వ్యాధికి ప్రత్యేక వైద్య, పరిశోధన కేంద్రం ఉంది. కుష్టు వల్ల ముఖ నరం దెబ్బతింటే కనురెప్పలు మూతపడవు. నిద్రలో కూడా కన్ను తెరిచే ఉంటుంది. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శక పొర, అంటే కార్నియా, తడి ఆరి పుండు పడుతుంది. ఆ పుండు మానినా తెల్లటి మచ్చ మిగిలి చూపు పోతుంది.

1946లో వెల్లూరు వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్, ఆయన భార్య, కంటి వైద్యురాలు మార్గరెట్ బ్రాండ్ ఇలాంటి రోగుల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. ఈ రోగులకు చేసే ఆపరేషన్లలో ఒకటి చాలా విశేషమైనది. కణత దగ్గర నమలడానికి ఉపయోగపడే కండరం ఉంటుంది. అందులోంచి ఒక పాయను విడదీసి, దానికి కలిపిన సన్నటి పట్టీలను పై రెప్పలోంచి, కింది రెప్పలోంచి ముక్కు పక్క దాకా పోనిచ్చి కుడతారు. ఇక రోగి పళ్లు బిగించినప్పుడల్లా కన్ను మూసుకుంటుంది. మనం నిమిషానికి పదిహేనుసార్లు తెలియకుండా చేసే పనిని ఆ రోగి గుర్తుపెట్టుకుని, దవడ బిగించి చేయాలి. రెప్పపాటు విలువ ఎంతో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

శరీరం మొత్తంలో పలచని చర్మం రెప్పదే. దాని కింద రెండు ముఖ్యమైన కండరాలున్నాయి. ఒకటి కంటి చుట్టూ వలయంలా ఉండి రెప్పను మూస్తుంది. రెండోది పై రెప్పను ఎత్తుతుంది. ఈ రెండింటికీ మెదడు నుంచి వేర్వేరు నరాలు వస్తాయి. అందుకే మూతపడని రెప్ప ఒక జబ్బు, తెరుచుకోని రెప్ప ఇంకో జబ్బు. రెండింటి వైద్యమూ వేరు.

మూతపడకపోవడానికి ఇప్పుడు ఎక్కువగా కనిపించే కారణం ముఖ పక్షవాతం. ఒక ఉదయం లేచేసరికి మూతి ఒక పక్కకు లాగేసి ఉంటుంది, రెండో వైపు కన్ను మూయలేరు. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. మొదటి మూడు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి మందులు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఈలోగా కార్నియాను కాపాడుకోవాలి. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, పడుకునే ముందు రెప్పను మూసి టేపు వేయడం చిన్న పనులే కానీ చూపును నిలబెట్టేవి అవే. నరం కోలుకోకపోతే పై రెప్పలో సుమారు ఒక గ్రాము బంగారు బిళ్లను అమరుస్తారు. ఎత్తే కండరం బాగానే ఉంటుంది కనుక రెప్ప తెరుచుకుంటుంది. ఆ కండరం సడలగానే బిళ్ల బరువుకు రెప్ప దిగుతుంది.

రెప్ప లేవకపోవడం పిల్లల్లో పుట్టుకతోనే రావచ్చు. తోటి పిల్లలు నిద్రమొహం అని ఏడిపిస్తారు. పెద్దవాళ్లు మాత్రం పెళ్లీడుకు చూద్దాంలే అని వాయిదా వేస్తారు. ఇక్కడే పెద్ద నష్టం జరుగుతుంది. మెదడు చూడటం నేర్చుకునేది తొలి ఏడెనిమిదేళ్లలోనే. రెప్ప కంటిపాపను కప్పేస్తే ఆ కంటి నుంచి బొమ్మ సరిగ్గా అందదు, మెదడు ఆ కన్నును పక్కన పెట్టేస్తుంది. తర్వాత రెప్పను ఎత్తినా చూపు పూర్తిగా రాదు. ఎత్తే కండరంలో కొంత బలం ఉంటే దాన్ని కురచ చేసి కుడతారు. బలమే లేకపోతే తొడ నుంచి తీసిన పట్టీతోనో, సిలికాన్ దారంతోనో రెప్పను నుదుటి కండరానికి ఉయ్యాల తాళ్లలా వేలాడదీస్తారు. అప్పుడు కనుబొమ్మ ఎత్తితే రెప్ప లేస్తుంది.

పెద్దల్లో ఉదయం బాగానే ఉండి సాయంత్రానికి రెప్ప వాలుతుంటే అది నరానికీ కండరానికీ మధ్య సంకేతం అందకపోవడం కావచ్చు. మయస్థీనియా అనే ఈ జబ్బును అనుమానించినప్పుడు డాక్టర్లు రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెట్టి చూస్తారు. రెప్ప కాస్త లేచిందంటే అనుమానం బలపడుతుంది. ఉన్నట్టుండి రెప్ప వాలి, వస్తువులు రెండుగా కనిపించి, తలనొప్పి తోడైతే మాత్రం ఆ గంటే ఆస్పత్రికి పరుగెత్తాలి.

వయసు మీద పడ్డాక కొందరికి కింది రెప్ప లోపలికి మడతపడి వెంట్రుకలు కార్నియాను గీరుతుంటాయి. పట్టకారుతో పీకితే కొన్ని వారాల్లో మళ్లీ మొలుస్తాయి. మడతను సరిచేసే ఆపరేషన్ మత్తు ఇంజెక్షన్‌తో అయిపోతుంది. ఇక కంటికురుపు సంగతి. అరచేతిలో వేలు రుద్ది కాపడం పెట్టడం మన ఇళ్లలో అలవాటే. వేడి మంచిదే, కానీ శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి, పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. ఆకు పసరు, ఆముదం, తల్లిపాలు కంట్లో పోయకూడదు, వాటితో కార్నియాకు ఇన్ఫెక్షన్ రావచ్చు. వయసు మళ్లినవారిలో రెప్ప మీద గడ్డ ఒకేచోట మళ్లీ మళ్లీ వస్తే ముక్క తీసి పరీక్షకు పంపించాలి. మామూలు గడ్డలా నటించే క్యాన్సర్ ఒకటి రెప్పలోని నూనె గ్రంథుల్లో పుడుతుంది.

రెప్పల వెనుక కంటిగుంట ఉంది. ఏడు ఎముకలు కలిసి కట్టిన గది అది. ముక్కు వైపు గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాని అవతల సైనస్ గదులున్నాయి. అందుకే సైనస్‌లో చీము పట్టిన పిల్లవాడికి జ్వరంతో కన్ను వాచి, ముందుకు పొడుచుకొస్తే దాన్ని కళ్లకలక అనుకోకూడదు. యాంటీబయాటిక్స్ సిరలోకి ఎక్కించాల్సిన అత్యవసర పరిస్థితి అది.

ఆ గోడ ఎంత బలహీనమో 2021లో కరోనా రెండో విడత చూపించింది. మధుమేహం అదుపు తప్పినవారికి, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవారికి బ్లాక్ ఫంగస్ సోకి సైనస్ నుంచి కంటిగుంటలోకి, అక్కడి నుంచి మెదడు వైపు పాకింది. దేశంలో ఆ ఏడు జూలై నాటికే 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. తిరుపతి రుయా, స్విమ్స్ ఆస్పత్రులకూ ఈ రోగులు వచ్చారు. మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. యాంఫోటెరిసిన్ అనే మందు ఇస్తూ చచ్చిన కణజాలాన్ని తీసేయడమే వైద్యం. ఆలస్యమైనవారిలో ప్రాణం నిలపడానికి కంటితో సహా గుంటనే ఖాళీ చేయాల్సి వచ్చింది. చెంప తిమ్మిరి, ముక్కులోంచి నల్లటి స్రావం, కంటి వాపు మొదలైన రోజే వచ్చినవారిలో కన్ను దక్కే అవకాశం ఎక్కువగా ఉండేది.

ఈ జబ్బులన్నింటినీ చూసే విభాగాన్ని ఆక్యులోప్లాస్టీ అంటారు. పేరు విని ఇదేదో అందం కోసం చేసేదని చాలామంది అనుకుంటారు. ఆ అపోహే చూపును పోగొడుతోంది. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతంవారికి కంటి వైద్యం దూరంలో లేదు. 1902లో డాక్టర్ ఐడా స్కడర్ ప్రారంభించిన వెల్లూరు షెల్ ఆస్పత్రి నేటికీ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) కంటి ఆస్పత్రిగా నడుస్తోంది. తిరుపతిలో 2019 నుంచి శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆస్పత్రి ఉంది. పిల్లల రెప్ప వాలినా, పెద్దల కన్ను మూతపడకపోయినా, ఒక కన్ను రెండోదానికంటే ముందుకు వచ్చినా చూపు బాగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. చూపు బాగున్నప్పుడు వెళ్తేనే అది అలాగే నిలుస్తుంది.