హంపి శిథిలాల సందర్శన

హంపి కర్ణాటక రాష్ట్రంలో తుంగభద్రా నది దక్షిణపు ఒడ్డున ఉన్న చారిత్రక గ్రామము. 1336 నుండి 1565 వరకు విజయనగర సామ్రాజ్యానికి రాజధానిగా వెలుగొందిన విజయనగర పట్టణపు శిథిలాలు ఈ గ్రామం చుట్టూ విస్తరించి ఉన్నవి. ఇది పూర్వము బళ్ళారి జిల్లాలో ఉండెడిది. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో ప్రస్తుతం భాగమైనది. 1986లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. సుమారు 41.8 చదరపు కిలోమీటర్ల ప్రదేశంలో 1600కు పైగా కట్టడాలు మిగిలి ఉన్నవి. ఇంత విశాలమైన ప్రదేశాన్ని ఒక క్రమం లేకుండా చూచినచో రాళ్ళగుట్టలు తప్ప మరేమీ గుర్తుండవు. ఏ కట్టడమును ఏ వరుసలో చూడవలెనో, అక్కడ ఏమి గమనించవలెనో ఈ వ్యాసంలో వివరించబడినది.

పేరు వెనుక చరిత్ర

తుంగభద్రకు పంపానది అని ప్రాచీన నామము. ఈ క్షేత్రదేవత పంపాంబ. ప్రాచీన కన్నడంలోని పకారము తరువాతి కాలంలో హకారంగా మారినది. తెలుగులోని పాలు, పులి కన్నడంలో హాలు, హులి అయినట్లే పంప అనే మాట హంపి అయినది. రామాయణంలోని కిష్కింధ ఈ ప్రాంతమేనని భక్తుల విశ్వాసము. నదికి ఉత్తరాన ఉన్న ఆనెగొంది, అంజనాద్రి, దక్షిణాన ఉన్న మాతంగ పర్వతము, మాల్యవంతము ఆ కథతో ముడిపడిన స్థలాలు.

క్లుప్తంగా చరిత్ర

సంగమ వంశీయులైన హరిహరరాయలు, బుక్కరాయలు ఈ రాజ్యాన్ని స్థాపించిరి. సంగమ, సాళువ, తుళువ, ఆరవీటి వంశాలు వరుసగా పాలించినవి. శ్రీకృష్ణదేవరాయల కాలంలో (1509 - 1529) రాజధాని ఉచ్చస్థితికి చేరుకొన్నది. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ నగరానికి ఒకదాని లోపల ఒకటిగా ఏడు ప్రాకారాలు ఉన్నవని వ్రాసెను. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌కు ఈ నగరము రోము అంత పెద్దదిగా కనిపించినది.

1565 జనవరిలో కృష్ణానది సమీపాన రక్కసగి, తంగడిగి గ్రామాల వద్ద జరిగిన యుద్ధంలో (దీనినే తళ్ళికోట యుద్ధము అందురు) దక్కను సుల్తానుల కూటమి చేతిలో అళియ రామరాయలు మరణించెను. అతని సోదరుడు తిరుమలరాయలు ధనరాశులతోను, రాజ పరివారంతోను పెనుకొండకు తరలిపోయెను. రక్షణ లేని నగరము నెలల తరబడి దోపిడీకి గురి అయినది. ఈ కూటమిలో ఒకడైన గోల్కొండ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా యౌవనంలో కొన్ని సంవత్సరాలు రామరాయల ఆశ్రయంలోనే గడిపినవాడు, తెలుగు కవులను ఆదరించినవాడు. కాబట్టి ఈ యుద్ధాన్ని కేవలము రెండు మతాల మధ్య పోరుగా చూచుట చాలదు. రాజ్యాల మధ్య అధికార స్పర్ధ కూడా ఇందులో ముఖ్య కారణము.

శిథిలాలను చదువుట ఎట్లు?

హంపికి వచ్చిన విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు: ఇంత గొప్ప చక్రవర్తి నివసించిన భవనము ఏది? దేవాలయాలు నిలిచి ఉండగా రాజభవనాలు ఎందుకు లేవు?

దీనికి సమాధానము కట్టుబడిలోనే ఉన్నది. దేవాలయాలను అడుగు నుండి పైకప్పు వరకు గ్రానైటు రాతితో నిర్మించిరి. గోపురాల పైభాగానికి మాత్రమే ఇటుక, గచ్చు వాడిరి. రాజభవనాలలో పీఠము మాత్రమే రాతిది. పైనున్న స్తంభాలు, దూలాలు, కప్పులు కొయ్యవి. నిప్పు అంటుకొనగానే అవి బూడిద అయినవి. రాజప్రాంగణపు త్రవ్వకాలలో బొగ్గు, వేడికి పగిలిన రాళ్ళు బయటపడినవి. నేడు మనకు కనబడే ఎత్తైన చదును అరుగులన్నీ ఒకనాటి భవనాల పీఠాలే. వాటిపై వరుసగా కనబడే చదరపు గుర్తులు స్తంభాలు నిలిచిన చోట్లు. ఈ ఒక్క విషయము తెలిసినచో ఖాళీ అరుగు మీద కూడా భవనాన్ని ఊహించుకొనవచ్చును.

మొదటి రోజు: దేవాలయ ప్రాంతము

విరూపాక్ష దేవాలయము: యాత్రను ఇక్కడ ప్రారంభించుట ఆచారము. విజయనగర స్థాపనకు పూర్వమే ఇక్కడ శివాలయము ఉన్నది. 1565 తరువాత కూడా పూజలు జరుగుతూ వచ్చిన ముఖ్య దేవాలయము ఇదే. తూర్పు గోపురము తొమ్మిది అంతస్తులతో సుమారు 50 మీటర్ల ఎత్తున ఉన్నది. లోపలి రంగమండపాన్ని శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంగా 1510లో కట్టించినట్లు శాసనము కలదు. ఈ మండపపు కప్పుపై వర్ణచిత్రాలు ఉన్నవి. వాటిలో విద్యారణ్యస్వామిని పల్లకిలో ఊరేగించుచున్న దృశ్యము ప్రసిద్ధము. ఆలయము వెనుక ఒక చీకటి గదిలో గోపురపు నీడ తలక్రిందులుగా గోడపై పడును. ఇది మహిమ అని కొందరు చెప్పుదురు. నిజానికి గోడలోని చిన్న రంధ్రము గుండా వెలుతురు సరళరేఖలో ప్రయాణించుట వలన ఏర్పడిన ప్రతిబింబము. సూదిబెజ్జపు కెమెరా పాఠాన్ని పిల్లలకు ఇక్కడ కళ్ళకు కట్టినట్లు చూపవచ్చును.

హేమకూటము: విరూపాక్ష ఆలయానికి దక్షిణాన ఉన్న రాతి గుట్ట. ఇక్కడి చిన్న ఆలయాలలో పెక్కు విజయనగర కాలానికి ముందువి. మెట్లు మెట్లుగా ఉన్న శిఖరాలను చూచి జైనాలయాలని పొరబడువారు కలరు. కాని వీటిలో అధికము శివాలయాలు. గుట్ట దిగువున కడలెకాళు గణేశుడు (సుమారు 4.5 మీటర్లు), సాసివెకాళు గణేశుడు (సుమారు 2.4 మీటర్లు) ఉన్నారు. కన్నడంలో కడలె అనగా సెనగ, సాసివె అనగా ఆవాలు.

కృష్ణ దేవాలయము: తెలుగువారు తప్పక చూడవలసినది. శ్రీకృష్ణదేవరాయలు నేటి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి గెలుచుకొని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి 1515లో ఇక్కడ ప్రతిష్ఠించెను. గోపురంపై గచ్చుతో మలచిన యుద్ధ దృశ్యాలు కొంత మిగిలి ఉన్నవి. గర్భాలయము ఇప్పుడు ఖాళీ. ఆ విగ్రహము చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది.

లక్ష్మీనరసింహ విగ్రహము: 1528లో ఏకశిలలో మలచిన 6.7 మీటర్ల విగ్రహము. దీనిని చాలామంది ఉగ్రనరసింహమూర్తి అందురు. అది సరికాదు. స్వామి ఎడమ తొడపై లక్ష్మీదేవి కూర్చొని ఉండెడిది. ఆ విగ్రహము ధ్వంసమైనది. స్వామి వీపు మీద చుట్టుకొని ఉన్న అమ్మవారి చేయి మాత్రము నేటికీ మిగిలినది. ప్రక్కకు వెళ్ళి శ్రద్ధగా చూచినచో కనబడును. దీని ప్రక్కనే సుమారు 3 మీటర్ల ఎత్తుగల బడవిలింగము నీటిలో ఉన్నది.

రెండవ రోజు: రాజప్రాంగణము

హజార రామాలయము: 15వ శతాబ్ది ప్రారంభంలో కట్టిన రాజాంతఃపుర దేవాలయము. గోడలపై రామాయణ కథ వరుస చిత్రాలుగా చెక్కబడినది. ప్రహరీ బయటి వైపున ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నర్తకీమణులు వరుసలు తీరి కనిపింతురు. వేయి రామ విగ్రహాలు ఉన్నందున ఈ పేరు వచ్చినదని గైడులు చెప్పుదురు. రాజభవనపు మొగసాల అనే అర్థంగల హజారము అను తెలుగు పదము నుండి వచ్చినదని కొందరు పండితుల అభిప్రాయము.

మహానవమి దిబ్బ: అంతస్తులుగా కట్టిన ఎత్తైన రాతి వేదిక. విజయదశమి ఉత్సవాలలో రాయలు ఇక్కడ కొలువుతీరి సామంతుల కానుకలు స్వీకరించెడివారు. ఒడిషా విజయానికి గుర్తుగా దీనిని శ్రీకృష్ణదేవరాయలు కట్టించెనని ప్రసిద్ధి. అయితే వేదికను పరిశీలించిన పురాతత్వవేత్తలు ఇది వేర్వేరు కాలాలలో పెంచబడినదని, అడుగు భాగము అంతకన్న పాతదని గుర్తించిరి. వేట, నృత్యము, గుర్రాల వర్తకము, విదేశీయుల రాక మున్నగు దృశ్యాలు దీని గోడలపై కలవు.

మెట్ల కోనేరు: 1980లలో త్రవ్వకాలలో బయటపడినది. నల్లరాతి దిమ్మెలపై గీతలు, అక్షరాలు ఉన్నవి. ఏ దిమ్మెను ఏ వైపున, ఏ వరుసలో అమర్చవలెనో తెలుపుటకు శిల్పులు వేసుకొన్న గుర్తులివి. దగ్గరలోని రాతి కాలువ ద్వారా నీరు ఇక్కడికి చేరెడిది. ఆ కాలంనాటి తుర్తు కాలువ నేటికీ పొలాలకు నీరు అందించుచున్నది. శత్రువులు రాజభవనాలను కాల్చగలిగిరి గాని, రైతులు వాడుకొనుచున్న కాలువ మాత్రము బ్రతికినది.

కమల మహలు, ఏనుగుల శాల: కమల మహలులో ఇస్లామీయ శైలి కమానులు, దేవాలయ శైలి శిఖరాలు ఒకే కట్టడంలో కలిసినవి. ఏనుగుల శాలలో గుమ్మటాలతో కూడిన 11 గదులు కలవు. ఈ ప్రాంతాన్ని అంతఃపురమనియు, మరొక కట్టడాన్ని రాణివాసపు స్నానశాల అనియు పిలుచుట తరువాతి వారు ఇచ్చిన పేర్ల వలన వచ్చిన అలవాటే. ఇవి శాసనాలలోని పేర్లు కావు. సందర్శన ముగింపులో కమలాపురంలోని పురావస్తు మ్యూజియంలో ఉన్న నగర నమూనాను చూచినచో రెండు రోజుల యాత్ర మనస్సులో ఒక పటముగా ఏర్పడును.

విఠల దేవాలయము

హంపి అనగానే గుర్తువచ్చు రాతి రథము ఈ ఆలయ ప్రాంగణంలోనే ఉన్నది. ఇది ఒకే రాయి కాదు. పెక్కు రాళ్ళను అతుకు కనబడకుండా కూర్చిన గరుడాలయము. దీనిపై ఇటుక గోపురము ఉండెడిదని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఛాయాచిత్రము వలన తెలియుచున్నది. 2017లో విడుదలైన 50 రూపాయల నోటు వెనుక ఈ రథపు బొమ్మ ముద్రించబడినది.

మహామండపంలోని స్తంభాలను తట్టినచో స్వరాలు పలుకును. రహస్యము తెలుసుకొనుటకు ఆంగ్లేయులు రెండు స్తంభాలను కోసి చూచిరని గైడులు కథ చెప్పుదురు. లోపల బోలు లేదు. రాతి గుణము, సన్నని స్తంభపు పొడవు, మందము వలన నాదము పుట్టును. వేలాది చేతులు తట్టుట వలన స్తంభాలు దెబ్బతినినందున ఇప్పుడు వాటిని తాకుట నిషేధింపబడినది. వాహనాల పొగ, అదురు తగులకుండ చివరి దూరము బ్యాటరీ వాహనాలలోనే వెళ్ళవలెను. విరూపాక్షము నుండి నది ఒడ్డున నడచి వచ్చుట మరింత మేలు. దారిలో కోదండరామాలయము, 1534 నాటి అచ్యుతరాయ ఆలయము, పురందరదాసు మండపము చూడవచ్చును.

సమయము మిగిలినచో నది దాటి ఆనెగొంది వెళ్ళవచ్చును. విజయనగరము కన్న పాతదైన కోట ఇక్కడ కలదు. వెదురుతో అల్లిన గుండ్రని పుట్టిలో నది దాటుట ఒక అనుభవము. నీటిమట్టము పెరిగినప్పుడు పుట్టి ఎక్కరాదు.

తెలుగువారితో అనుబంధము

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను తెలుగులో రచించెను. అల్లసాని పెద్దన మొదలగు కవులు ఈ నగరంలోనే ఆదరణ పొందిరి. కన్నడ, సంస్కృత, తమిళ భాషలతో పాటు తెలుగులో కూడా విజయనగర శాసనాలు కలవు. 1565 తరువాత పెనుకొండ, చంద్రగిరి రాజధానులై ఆ పరంపరను కొంతకాలము నిలిపినవి. కొడాలి వెంకట సుబ్బారావు రచించిన హంపీ క్షేత్రము అను కావ్యము ఈ శిథిలాల గురించినదే.

పరిరక్షణ సమస్యలు

వారసత్వ కట్టడాల నడుమ వంతెన, రహదారి నిర్మాణాల వలన 1999లో యునెస్కో హంపిని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చినది. 2006లో ఆ జాబితా నుండి తొలగించినది. నిర్మాణంలో ఉన్న ఆనెగొంది వంతెన 2009 జనవరిలో కూలి కార్మికులు మరణించిరి. 2011లో విరూపాక్ష బజారు మండపాలలో నివసించుచున్న కుటుంబాలను అధికారులు ఖాళీ చేయించిరి. కట్టడాలను కాపాడుట ఒక కర్తవ్యమైతే, తరతరాలుగా అక్కడ బ్రతుకుచున్న ప్రజల జీవనోపాధి మరొక కర్తవ్యము. ఈ రెంటి మధ్య సమతూకము నేటికీ వివాదాంశమే.

2019లో కొందరు యువకులు ఒక విష్ణ్వాలయంలో నిలిచి ఉన్న స్తంభాన్ని త్రోసి పడవేసిన వీడియో దేశమంతట ఆగ్రహము కలిగించినది. న్యాయస్థానము వారికి జరిమానా విధించి, ఆ స్తంభాన్ని వారి చేతనే తిరిగి నిలబెట్టించినది. 2024 మే నెలలో వర్షాలకు విరూపాక్ష బజారులోని మండపాల వరుసలో కొంత భాగము కూలినది. యుద్ధము ముగిసి నాలుగున్నర శతాబ్దాలు గడచినను శిథిలమగుట ఆగలేదని ఈ సంఘటనలు తెలుపుచున్నవి.

సందర్శకులకు సూచనలు

* అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల కాలము. వేసవిలో బండలు విపరీతముగా వేడెక్కును. ఉదయము, సాయంకాలము తిరుగుట మంచిది.
* పర్యాటక శాఖ గుర్తింపు పత్రము గల గైడునే నియమించుకొనవలెను. రుసుము, చూపవలసిన స్థలాలు ముందే మాట్లాడుకొనవలెను.
* గైడు చెప్పే విషయాలలో శాసనము చెప్పునది ఏది, జనశ్రుతి ఏది అని అడిగి తెలుసుకొనుట విద్యార్థులకు మంచి అభ్యాసము.
* శిల్పాలపై ఎక్కుట, సున్నము పూయుట, పేర్లు చెక్కుట చట్టరీత్యా నేరము.
* త్రాగునీరు, గొడుగు, గట్టి చెప్పులు వెంట ఉంచుకొనవలెను.

చేరుకొను మార్గము

హంపికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న హోసపేటె సమీప రైల్వే స్టేషను. ఇది గుంతకల్లు - హుబ్బళ్ళి మార్గంలో ఉన్నందున రాయలసీమ వారికి రైలు ప్రయాణము సులభము. హోసపేటె నుండి హంపికి, కమలాపురానికి బస్సులు, ఆటోలు నడచుచుండును.

ఇవి కూడా చూడండి

* విజయనగర సామ్రాజ్యము
* శ్రీకృష్ణదేవరాయలు
* తళ్ళికోట యుద్ధము
* పెనుకొండ
* చంద్రగిరి కోట
* తుంగభద్రా నది