మీకు తెలుసా? పార్కింగ్ అంతస్తే ముందు కుంగుతుంది!

• 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్‌నూ కదిలించింది.

• నేల అడ్డంగా ఊగితే పునాది దానితోపాటే కదులుతుంది. బరువైన పై అంతస్తులు వెనకబడతాయి. ఆ లాగుడంతా పిల్లర్ల మీదే పడుతుంది.

• అందుకే గోడల్లేని పార్కింగ్ అంతస్తుకు ముప్పు ఎక్కువ. 2001 భుజ్ భూకంపంలో, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లు కూలాయి.

• హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌లో కింద పార్కింగ్ వదిలి ఇల్లు కడుతున్నారా? ఇంజినీరు సలహాతో అక్కడ కొన్ని కాంక్రీటు గోడలు కట్టించండి. పిల్లర్ రింగుల కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచాలి. పిల్లర్ పైనా కిందా రింగులు దగ్గరగా ఉండాలి.

• డిజైన్‌లో లేని అంతస్తు ఎప్పుడూ వేయకండి. ప్రాణం కన్నా గది ఎక్కువ కాదు.