చీటీ పాతదే, బిళ్ళా పాతదే

మన పల్లెల్లో ఫిట్స్ ఉన్న మనిషి ఇంట్లో దేవుడి పటాల వెనకో, బియ్యం డబ్బా మీదో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో మడతల దగ్గర చిరిగిన మందుల చీటీ. ఎప్పుడో పట్నంలో పెద్దాసుపత్రిలో రాయించుకున్నది. ఏళ్ల తరబడి అదే చూపించి మందుల షాపులో అదే బిళ్ళ తెచ్చుకుంటారు. రాసిన డాక్టరు బదిలీ అయ్యారు, రోగి బరువు మారింది, పెళ్లీడు వచ్చింది. మోతాదు మాత్రం అదే.

ఫెనిటాయిన్ సంగతే చూడండి. 1938 నుంచి ఫిట్స్‌కు వాడుతున్నారు. చవక, బాగా పనిచేస్తుంది. కానీ మోతాదు కాస్త పెరిగినా రక్తంలో మందు బాగా ఎక్కువైపోవచ్చు. అప్పుడు ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. చూసినవాళ్లు "పొద్దున్నే తాగొచ్చాడు" అనేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి చిగుళ్లు పళ్ల మీదికి పెరుగుతాయి, ఎముకలు బలహీనపడతాయి. పళ్లు సరిగా తోమడం లేదని ఇంట్లో తిట్లు తినే కుర్రాడికి, అది మందు వల్లేనని చెప్పే దిక్కుండదు.

ఆడపిల్లల కష్టం ఇంకా పెద్దది. గర్భంతో ఉండగా ఫిట్స్‌కే ఇచ్చే మరో మందు వాల్‌ప్రోయేట్ వాడిన తల్లులకు పుట్టే 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి వెన్నులోనో, గుండెలోనో, మరోచోటో పుట్టుకతోనే లోపాలుంటాయి. 30 నుంచి 40 మంది మాటల్లో, చదువులో వెనకబడొచ్చు. బిడ్డ వెన్నుపాముకు రూపం వచ్చేది మొదటి నాలుగు వారాల్లోనే. నెల తప్పిందని తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే ఈ మాట పెళ్లికి ముందే మాట్లాడుకోవాలి. సరిగ్గా అప్పుడే అందరూ నోరు కట్టేసుకుంటారు. సంబంధం తప్పిపోతుందన్న భయంతో జబ్బు దాస్తారు, బిళ్ళలు చీర మడతల్లో అత్తారింటికి వెళ్తాయి. మూర్ఛ ఉంటే పెళ్లికి పనికిరారన్న మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. మన పెళ్లిచూపుల్లోంచి ఇంకా పోలేదు.

ఇది చదివి ఎవరూ బిళ్ళ ఆపేయొద్దు. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. బీపీ, షుగర్ గురించి ఇంటింటికీ వెళ్లి అడిగే ఆశా, ఏఎన్ఎంలు ఫిట్స్ చీటీ కూడా అడిగి చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏడాదికోసారైనా ఫిట్స్ ఉన్నవాళ్లను పెద్దాసుపత్రికి పంపాలి. మీ అమ్మాయి వాల్‌ప్రోయేట్ వాడుతుంటే, సంబంధాలు చూడకముందే నరాల డాక్టరును కలవండి. చాలామందికి మందు మార్చే వీలుంది, ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే మొదలుపెట్టొచ్చు.