ముప్పైమందిలో ఒక్క స్త్రీ పేరూ లేదు!

బొమ్మల కథలంటే ఇష్టపడని పిల్లలుండరు. అక్షరాలు కూడబలుక్కునే వయసు నుంచే వాటిని పట్టుకు కూర్చుంటారు. ఆ పిల్లల పక్కన చేరి పెద్దలూ చదువుతారు. ఆ బొమ్మలు గీసేదెవరు, కథలల్లేదెవరు అని మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోరు. ఫ్రాన్సు దేశంలో 2016 జనవరిలో ఆ ప్రశ్నే పెద్ద వివాదమైంది.

ఆ దేశానికి నైరుతి దిక్కున అంగులేమ్ అనే పట్టణం ఉన్నది. 1974 నుంచి అక్కడ బొమ్మల కథల ఉత్సవం జరుపుతూ వచ్చారు. ఈ కళకు జీవితాన్ని అంకితం చేసినవారికి ‘గ్రాంప్రి’ అనే బహుమతి ఇస్తారు. ఈ రంగంలో ఇది చాలా పెద్ద గౌరవం. 2016లో నిర్వాహకులు 30 పేర్లతో జాబితా ప్రకటించి, ఓటు వేయమని రచయితలను, చిత్రకారులను కోరారు. తీరా చూస్తే ముప్పైమందీ మగవారే!

అప్పటికి ఈ బహుమతి అందుకున్న స్త్రీ 2000లో ఫ్లోరెన్స్ సెస్టాక్ ఒక్కరే. 1983లో క్లేర్ బ్రెతెషేకు దక్కినది పదో వార్షికోత్సవపు ప్రత్యేక బహుమతి.

తప్పుకున్న మగవారు

ఓటు వేయవద్దని స్త్రీ చిత్రకారుల సంఘం పిలుపునిచ్చింది. జాబితాలో ఉన్న రియాద్ సత్తూఫ్ తన పేరు తీసివేయమన్నారు. తనకు బదులు ఉండదగిన స్త్రీలు ఫలానావారని పేర్లతో సహా చెప్పారు. ఫ్రాన్సుకు చెందిన జోఆన్ స్ఫార్, అమెరికాకు చెందిన డేనియల్ క్లోస్, మరికొందరు కూడా తప్పుకున్నారు.

ఈ కళ చరిత్రలోనే స్త్రీలు తక్కువని నిర్వాహకులు సమాధానమిచ్చారు. కొందరు స్త్రీల పేర్లు చేరుస్తామన్నారు. చివరకు జాబితానే రద్దుచేసి, ఎవరికి నచ్చినవారికి వారు ఓటు వేయవచ్చునన్నారు. ఆ ఏడు బహుమతి బెల్జియం చిత్రకారుడు హెర్మన్‌కు దక్కింది.

పేరు మార్చుకున్న డాలియా

చరిత్రలో స్త్రీలు తక్కువన్నది కొంత నిజమే. ఎందుకు తక్కువయ్యారన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో డాలియా మెస్సిక్ అనే యువతి గీసిన బొమ్మలను, ఆడమనిషి గీసినవని సంపాదకులు తిప్పిపంపేవారు. దానితో ఆమె మగవారికీ చెల్లే ‘డేల్’ అనే పేరు పెట్టుకున్నారు. 1940లో పత్రికలో మొదలైన ఆమె ‘బ్రెండా స్టార్’ బొమ్మల కథలో నాయిక ఒక విలేకరి. మెస్సిక్ దానిని 40 ఏళ్లు గీశారు.

మన తెలుగు పత్రికలలోనూ కార్టూన్లు గీసిన స్త్రీలను వేళ్లమీద లెక్కించవచ్చు. విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి (1965-2015) పోలియో బాధకు లొంగక వేల కార్టూన్లు గీసి పాఠకులను నవ్వించారు.

తరువాత ఏమైంది?

2019లో గ్రాంప్రి జపాను చిత్రకారిణి రుమికో తకహాషికి వచ్చింది. ఆమె పుస్తకాలు 2017 నాటికే 20 కోట్ల ప్రతులు దాటాయి. 2022లో కెనడాకు చెందిన జూలీ దూసె, 2024లో బ్రిటన్‌కు చెందిన పోజీ సిమండ్స్, 2025లో ఫ్రాన్సుకు చెందిన అనూక్ రికార్ అందుకున్నారు.

వీరిలో తకహాషి, దూసె, రికార్ ముగ్గురూ ఆనాడు సత్తూఫ్ పేర్కొన్నవారే. 2016లోనూ వారున్నారు, వారి పుస్తకాలూ ఉన్నాయి. జాబితా రాసినవారి కంటికే ఆనలేదు.